మాకినా ద్వీపానికి నాలుగు గంటలు చాలవు: మిషిగన్ తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

మిషిగన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా ఎండలు రాగానే బస్సు మాట్లాడి, వాట్సాప్ గ్రూపు పెట్టి, నలభై మందిని ఒక్క మాట మీదకు తెచ్చి టూరుకి తీసుకెళ్లే ఓపికమంతులకు, నమస్కారం.

మళ్లీ అదే ప్లాను గ్రూపుల్లో తిరుగుతోంది: హ్యూరాన్ సరస్సులోని మాకినా ద్వీపానికి ఒక్కరోజు టూరు. తెల్లవారుజామున నోవైలో గుడి దగ్గర బయల్దేరడం, ఐ-75 హైవే మీద నాలుగున్నర గంటలు, మాకినా సిటీలో ఫెర్రీ ఎక్కడం. ద్వీపంలో దిగాక గుర్రబ్బండి, ఆర్చ్ రాక్ అనే రాతి వంపు దగ్గర గ్రూప్ ఫొటో, పులిహోర డబ్బాలు ఖాళీ చేయడం, ఫడ్జ్ అనే పాకం మిఠాయి డబ్బాలు నింపుకోవడం, సాయంత్రం ఫెర్రీకి పరుగు. అన్నీ కలిపి ద్వీపం మీద ఉండేది నాలుగు గంటలు. అందులో కొంత క్యూలకే పోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు "మాకినా చూపించాం" అనిపించుకోవడానికి ఇది సరిపోతుందేమో గానీ, చూడటానికి చాలదు.

నా విన్నపం ఒక్కటే. ఈసారి ఒక రాత్రి అక్కడే ఉండేలా ప్లాను మార్చండి.

కారణం చెప్పాలంటే ఆ ఫార్వర్డ్ మెసేజ్ దగ్గర మొదలుపెట్టాలి. "కార్లు లేని ఊరు, కాలం ఆగిపోయిన చోటు" అని ఏటా ఎవరో ఒకరు పంపిస్తారు. మొదటి సగం దాదాపు నిజం. నా పేచీ అంతా రెండో సగంతోనే. అక్కడ కాలం ఎప్పుడూ ఆగలేదు. కొన్ని వందలమంది కూర్చుని, ఏటా డబ్బూ చెమటా పెట్టి, దాన్ని అలా ఉంచుతున్నారు. అలా ఉంచడం వల్ల లాభపడేవాళ్లున్నారు, అలసిపోయేవాళ్లున్నారు. పగటి నాలుగు గంటల్లో మనకు లాభపడేవాళ్ల అంగళ్లే కనిపిస్తాయి.

కార్ల సంగతే చూడండి. 1896 జూన్‌లో హెన్రీ ఫోర్డ్ తన చేతులతో చేసుకున్న నాలుగు చక్రాల బండిని డెట్రాయిట్ వీధుల్లో నడిపాడు. రెండేళ్లు తిరిగేసరికి, 1898 జులైలో, మాకినా గ్రామ పాలకవర్గం గుర్రాలు లేని బండ్లు ఊళ్లో నడపకూడదని తీర్మానం చేసింది. 1901లో ద్వీపంలోని స్టేట్ పార్కుని చూసే కమిషన్ కూడా అదే మాట అని, ద్వీపం మొత్తానికి తలుపులు మూసింది. ఎందుకు? ప్రకృతి మీద ప్రేమ అనుకుంటాం. అసలు ఫిర్యాదు చేసింది గుర్రబ్బండ్ల వాళ్లు. ఇంజను చప్పుడుకి గుర్రాలు బెదురుతున్నాయి, ప్రయాణికులకు ప్రమాదం అన్నారు. మాట నిజమే, పొట్టకూటి భయం కూడా ఉండే ఉంటుంది. ఇలా కొందరు బండివాళ్ల గోల నూట పాతికేళ్లకు పైగా నిలబడే చట్టమైంది. ఫోర్డ్, జీఎం, స్టెల్లాంటిస్, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలు, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలు... మనలో చాలామందికి జీతాలు వచ్చేది అక్కడి నుంచే. మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా సరదా అయిన కథ ఏముంది? నాలుగు గంటల టూరులో ఇది చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

మినహాయింపులూ ఉన్నాయి. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండి ఉంటాయి. చలికాలంలో స్నోమొబైల్స్ నడుస్తాయి. చిన్న విమానాశ్రయం కూడా ఉంది. ద్వీపం చుట్టూ ఎనిమిది మైళ్లకు పైగా సాగే ఎం-185 రోడ్డు స్టేట్ హైవే, కానీ దాని మీద మామూలు మోటారు వాహనం వెళ్లకూడదు. ఆ రోడ్డు మీద లెక్కలోకి వచ్చిన మొదటి మోటారు ప్రమాదం 2005లో జరిగిందట: ఊరి ఫైరింజను వెళ్లి ఊరి అంబులెన్సు తలుపుని గుద్దింది. ఉన్న రెండు బండ్లూ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి అన్నమాట.

1975లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వచ్చినప్పుడు గుర్రబ్బండిలోనే తిరిగాడు. పేరు ఫోర్డు, బండి మాత్రం గుర్రానిది. 2019 సెప్టెంబర్‌లో ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఎనిమిది కార్ల కాన్వాయ్‌తో వచ్చాడు. భద్రత కోసం అన్నారు. మిషిగన్ అంతా దాని గురించి మాట్లాడుకుంది. కాలం నిజంగా ఆగిపోయిన చోట ఇలాంటి గొడవ రాదు. రోజూ కాపాడుకోవాల్సిన నియమం ఉన్న చోటే వస్తుంది.

ఇంకో విచిత్రం. గుర్రాల ఊరుగా పేరుపడ్డ ఈ ద్వీపాన్ని విడిదిగా మార్చింది ఆవిరి యంత్రాలు. కొండ మీద తెల్లగా మెరిసే గ్రాండ్ హోటల్‌ని 1887లో కట్టించింది రెండు రైల్వే కంపెనీలు, ఒక స్టీమరు కంపెనీ కలిసి. ఎండాకాలం రైళ్లకీ ఓడలకీ ప్రయాణికులు కావాలి, ప్రయాణికులకు దిగాక ఉండటానికి చోటు కావాలి. అంత సూటి లెక్క. షికాగో, డెట్రాయిట్ లాంటి నగరాల ఉక్కనీ పొగనీ తప్పించుకోవాలనుకున్న సంపన్నులు వచ్చారు. కొందరు బ్లఫ్‌ల మీద, అంటే సరస్సు వైపు నిటారుగా ఉన్న గట్ల మీద, కాటేజీలు కట్టుకున్నారు. పేరుకి కాటేజీలు, చూస్తే మేడలు. వాటి కింద భూమి మాత్రం వాళ్లది కాదు, పార్కు దగ్గర లీజు.

పార్కు అంటే చిన్న తోట అనుకునేరు. 1872లో యెల్లోస్టోన్ మొదటి నేషనల్ పార్కు అయితే, 1875లో రెండోది ఈ ద్వీపమే. ఇరవై ఏళ్లకు సైన్యం ద్వీపం మీదున్న తన కోటని ఖాళీ చేస్తానంది. 1895లో దీన్ని రాష్ట్రానికి అప్పగించారు, అలా మిషిగన్ మొదటి స్టేట్ పార్కు అయింది. నాలుగు చదరపు మైళ్లు కూడా లేని ద్వీపంలో ఎనభై శాతానికి పైగా ఇప్పటికీ పార్కే. మన టూర్లలో జనం తిరిగే మెయిన్ స్ట్రీట్ మిగతా ముక్కలో ఒక మూల. ఫొటోలన్నీ ఆ మూలవే.

గ్రాండ్ హోటల్ వరండా 660 అడుగులు, ప్రపంచంలో అంత పొడవైనది లేదని వాళ్ల ప్రచారం. బయటివాళ్లు వరండా ఎక్కాలన్నా టికెట్ కొనాలి. సాయంత్రం ఆరున్నర దాటితే మగవాళ్లకు కోటు తప్పనిసరి. టికెట్ సంగతి ముందే చెప్పకపోతే మెట్ల దగ్గర మనవాళ్ల మధ్య గొణుగుడు మొదలవుతుంది. నన్నడిగితే ఆ టికెట్ డబ్బులతో సైకిళ్లు అద్దెకు తీసుకోవడం మేలు.

హోటల్ వైభవం కన్నా పాత కథ కోట వైపు ఉంది. అమెరికా విప్లవం రోజుల్లో బ్రిటిషు వాళ్లు ఒడ్డున ఉన్న తమ స్థావరాన్ని ద్వీపం మీదకు మార్చి ఈ కోట కట్టారు. 1796లో అది అమెరికన్ల చేతికి వచ్చింది. 1812 జూన్‌లో వాషింగ్టన్‌లో బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించారు, ఆ కబురు ఇక్కడి కమాండరుకి చేరలేదు. బ్రిటిషు వాళ్లకి మాత్రం చేరింది. జులై 17న వాళ్లు, వాళ్లతో పాటు వందలాది మంది స్థానిక తెగల యోధులు, ద్వీపం వెనక వైపు దిగి, చీకట్లో అడవి దారిన ఫిరంగిని కోట కన్నా ఎత్తైన గుట్ట మీదకు ఈడ్చారు. తెల్లారేసరికి కోటలో ఉన్నవాళ్లకు పైనుంచి ఫిరంగి కనిపించింది. ఒక్క గుండు తగలకుండానే కోట లొంగిపోయింది. రెండేళ్ల తర్వాత తిరిగి పట్టుకోబోయిన అమెరికన్లు ఓడిపోయారు. చివరికి 1815లో సంధి కాగితాల మీద అమెరికన్లకు తిరిగొచ్చింది. వెనక వైపు దిగిన ఆ చోటు పేరు నేటికీ బ్రిటిష్ ల్యాండింగ్. సైకిల్ మీద చుట్టూ తిరిగేటప్పుడు సగం దారిలో వస్తుంది. మన ప్లానులో ఉండేది బండి టూరు కాబట్టి అక్కడిదాకా ఎవరూ వెళ్లరు.

కోట కింద వీధిలో బొచ్చు వ్యాపారం నడిచింది. బీవరు తోళ్ల కోసం ఉత్తర అమెరికా సగాన్ని జల్లెడ పట్టిన కంపెనీలకు ఇది పెద్ద మజిలీ. 1822 జూన్ 6న అమెరికన్ ఫర్ కంపెనీ కొట్లో తుపాకీ పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా పడవ కూలీ పొట్టలో గాయమైంది. కోట డాక్టరు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు. గాయం మానింది గానీ రంధ్రం మూసుకోలేదు, పొట్ట లోపలికి కిటికీలా ఉండిపోయింది. 1825 నుంచి డాక్టరు పట్టుదారానికి మాంసం ముక్కలు, రొట్టె, క్యాబేజీ కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి వదిలి, కాసేపటికి బయటికి లాగి, ఎంత అరిగిందో రాసుకునేవాడు. అన్నం అరగడం వెనక రసాయనం ఉందని ప్రపంచానికి గట్టిగా తెలిసింది ఆ రాతల వల్లే, 1833లో అవి పుస్తకంగా వచ్చాయి. మనలో ఇంతమంది డాక్టర్లున్నారు, వాళ్ల పిల్లలు సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుల కోసం తల పట్టుకుంటారు, ఆ కొట్టు మ్యూజియంలోకి మాత్రం మన గ్రూపు తొంగి కూడా చూడదు. ఫడ్జ్ కొట్టుకి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. అలెక్సిస్ వైపు నుంచి చూస్తే ఇది అంత గొప్ప కథ కూడా కాదు. పేదవాడు, చదువు రానివాడు, కూలికి ఒప్పందం మీద తన పొట్టనే అద్దెకిచ్చాడు. 1880లో చనిపోయినప్పుడు డాక్టర్లు ఎక్కడ ఎత్తుకుపోతారో అని కుటుంబం శవాన్ని కుళ్లనిచ్చి, లోతుగా పాతిపెట్టింది.

వీటన్నిటికీ ముందు నుంచీ ఇది ఇక్కడి ఆదివాసులైన అనిషినాబె ప్రజల చోటు. ఒడావా, ఒజిబ్వే వాళ్లకు పవిత్ర స్థలం, పెద్దల సమాధులున్న నేల. వేట, చేపలు, వ్యాపారం అన్నీ ఇక్కడే. 1836 ఒప్పందంలో ఇప్పటి మిషిగన్‌లో మూడో వంతుకు పైగా భూమి వాళ్ల చేయి జారింది. మార్కెట్ స్ట్రీట్‌లో బిడిల్ హౌస్ అనే పాత ఇల్లుంది. అందులో అగాథా బిడిల్ అనే అనిషినాబె స్త్రీ ఉండేది, సొంతంగా బొచ్చు వ్యాపారం చేసింది. 2021 నుంచి ఆ ఇంట్లో అనిషినాబె ప్రజల మ్యూజియం నడుస్తోంది. ఆమె కన్నా ముందు తరంలో మాడలిన్ లాఫ్రాంబోయిస్ ఉంది. తల్లి వైపు ఒడావా, తండ్రి వైపు ఫ్రెంచి. 1806లో భర్త హత్యకు గురైతే, ఏడుస్తూ కూర్చోకుండా ఆ ఏడాది సరుకు పడవలు తనే నడిపించుకెళ్లింది. తర్వాత ఏళ్ల తరబడి మగ వ్యాపారులతో సమానంగా బేరాలు చేసింది, చదవడం రాయడం నడి వయసులో నేర్చుకుంది, సెయింట్ ఆన్ చర్చికి స్థలం ఇచ్చింది. "ద్వీపంలో ఆడవాళ్లకు షాపింగే కదా" అని పోయినసారి ఒకాయన మైకులో జోకు వేశారు. ఆ చర్చి వీధి పక్కనే ఉంది, ఆయనకు ఈసారి నేనే చూపిస్తాను.

ఇక రాత్రి ఎందుకు ఉండాలో చెబుతాను.

పగటిపూట మెయిన్ స్ట్రీట్ మీద తోపులాట. సైకిళ్లు, స్ట్రోలర్లు, గుర్రబ్బండ్లు, మధ్యలో ఫడ్జ్ వాసన. ఫడ్జ్ చేయడం చూడతగిందే, కాదనను. రాగి కాగులోంచి పాకాన్ని పాలరాతి బల్ల మీద ఒంపుతారు, అంచులు దాటకుండా ఇనుప కడ్డీలు అడ్డం పెడతారు. చల్లారుతున్న కొద్దీ పొడవాటి గరిటెతో చుట్టూ తిరుగుతూ మడిచి మడిచి దిమ్మలా చేస్తారు. చేసేవాడు చూసేవాళ్లతో కబుర్లాడుతూనే ఉంటాడు, చెయ్యి మాత్రం ఆపడు, ఆపితే గట్టిపడిపోతుంది. ఇక్కడివాళ్లు టూరిస్టులని "ఫడ్జీలు" అని పిలుస్తారు. కొంచెం వెటకారం, కొంచెం చనువు. మనమూ ఫడ్జీలమే, కోపం తెచ్చుకోకండి.

చివరి ఫెర్రీ వెళ్లిపోయాక వీధి వదులవుతుంది. గుర్రపు లద్దె ఊడ్చేవాళ్లు, హోటళ్ల వెనక గుమ్మాల్లోంచి బయటికొచ్చి సైకిళ్లెక్కే వంటవాళ్లు అప్పుడు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది జమైకా నుంచి వచ్చినవాళ్లు, ఇతర దేశాల వాళ్లూ ఉన్నారు. హెచ్-2బి అనే సీజనల్ వీసా మీద వచ్చి, మంచు పడేలోపు తిరిగి వెళ్లిపోతారు. మనం హెచ్-1బి లాటరీ గురించి, స్టాంపింగ్ గురించి టెన్షన్ పడుతూ బతికినవాళ్లం. వాళ్ల వీసాలకూ ఏటా పరిమితి ఉంది, ఏటా వస్తాయో రావో తెలియదు. ఆ వీసాలు ఆలస్యమైతే ఈ ద్వీపంలో పరుపుల మీద దుప్పట్లు మార్చేవాళ్లుండరు. ఒక సాయంత్రం వాళ్లతో మాట కలిపితే మనకి సంగతులు తక్కువేం ఉండవు. టిప్పు విషయంలో చేయి కాస్త వదులు చేయమని విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను. మనవాళ్ల మీద ఈ విషయంలో ఉన్న పేరు మీకూ తెలుసు.

పొద్దున్నే లేస్తే ఇంకో ఊరు. రెండేసి బలమైన గుర్రాలు కట్టిన సరుకు బండ్లు రేవు నుంచి బయల్దేరతాయి. పాల డబ్బాలు, బీరు పెట్టెలు, ఆన్‌లైన్ ఆర్డర్ల పార్సెళ్లు, ఇంటి సామాను, అన్నీ ఆ బండ్ల మీదే. చెత్త కూడా గుర్రబ్బండి మీదే పోతుంది. లద్దెనీ వంటింటి వ్యర్థాలనీ కలిపి కంపోస్టు చేస్తారు. రేవు దగ్గర డాక్ పోర్టర్లని ఒకసారి నిలబడి చూడండి. సైకిల్ ముందు బుట్టలో సూట్‌కేసులు కళ్లకడ్డం వచ్చేంత ఎత్తుకి పేర్చి, ఒక చేత్తో వాటిని పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ తిప్పుతూ జనం మధ్యలోంచి దూసుకుపోతారు. మా నాన్నగారు వచ్చినప్పుడు ఆర్చ్ రాక్ దగ్గర రెండు నిమిషాలు ఉన్నారు, ఈ రేవు దగ్గర నుంచి కదలనన్నారు. ఆయన చిన్నప్పుడు రైల్వే స్టేషను బయట జట్కాలు చూసిన మనిషి. లాడాలు ఎన్నాళ్లకు మారుస్తారు, గుర్రానికి రోజుకి ఎన్ని గంటల పని, ముసలిదైతే ఏం చేస్తారు అని బండివాణ్ణి వరసగా అడిగారు. నేను మధ్యలో అనువదించలేక అలిసిపోయాను. బండివాడు మాత్రం అలిసిపోలేదు. గుర్రాల గురించి తెలిసినవాళ్లు అడగడం అరుదు కాబోలు.

వేసవిలో ఇక్కడ ఐదొందలకు పైగా గుర్రాలుంటాయి. చలికాలం ముందు చాలావాటిని ఫెర్రీల మీద మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులా పొలాలకు తరలిస్తారు. మనుషులు మిగిలేది, 2020 జనాభా లెక్కల ప్రకారం, 583 మంది. బాగా చలి పడ్డ ఏడాది జలసంధి గడ్డకట్టి ఎదుటి ఒడ్డున ఉన్న సెయింట్ ఇగ్నేస్ ఊరి దాకా మంచు దారి ఏర్పడుతుంది. వాడేసిన క్రిస్మస్ చెట్లని వరసగా పాతి దారి గుర్తు పెట్టుకుని, స్నోమొబైల్స్ మీద సరుకులకు వెళ్లొస్తారు. ఈమధ్య అలా గట్టిగా గడ్డకట్టే ఏళ్లు తగ్గిపోతున్నాయి. 2019, 2020ల్లో సరస్సు మట్టం పెరిగి ఎం-185ని అక్కడక్కడ కోసేసింది కూడా. ఒక్క కారూ నడవని రోడ్డుని నీళ్లు పాడుచేశాయి.

సరే, ఖర్చు. ద్వీపంలో గదులు చవక కాదు, టెంటు వేసుకోవడానికి అనుమతి లేదు. నలభై మందికి జులై శనివారం గదులు దొరకవు, దొరికినా మన బడ్జెట్‌లో ఉండవు. కాబట్టి సెలవుల రద్దీ వదిలేసి, లైలాక్ పూలు విరిసే జూన్ మధ్యలోనో, బడులు తెరిచాక సెప్టెంబర్‌లోనో పెట్టుకుందాం. అదీ కుదరనివాళ్లు సెయింట్ ఇగ్నేస్‌లో బస చేసి, మొదటి ఫెర్రీకి వెళ్లి చివరి ఫెర్రీకి రావచ్చు. సగం సంగతైనా దక్కుతుంది. నలభై మంది ఒకే గుంపుగా కాకుండా నాలుగైదు కుటుంబాల చొప్పున విడిపోతే మనకీ సుఖం, వీధికీ సుఖం.

సైకిళ్ల దగ్గర ఒక మాట. నలుగురు పక్కపక్కన తొక్కుకుంటూ, మధ్యలో ఆగి సెల్ఫీలు తీసుకోవడం మానుకుందాం. ఎదురుగా వచ్చే గుర్రబ్బండికి మనలా గభాలున బ్రేకు పడదు. గుర్రం కనిపించగానే పిల్లల్ని ముందుకు తోసి "పట్టుకో పట్టుకో, ఫొటో" అనడం కూడా వద్దు. అది పనిలో ఉంది, తోలేవాణ్ణి అడిగి ముట్టుకోవాలి. బ్యాటరీ సైకిళ్లు నడవడం కష్టమైనవాళ్లకు తప్ప అనుమతించరు, ఇంటి నుంచి మోసుకురాకండి.

సెప్టెంబర్ రెండో వారానికి రెండు పగళ్లు, ఒక రాత్రి ప్లాను నేను వేసి పెట్టాను. పది కుటుంబాలు సరేనంటే బుకింగులు, ఖర్చుల లెక్కలు నేనే చూస్తాను. పెద్దవాళ్ల కోసం రేవుకి దగ్గరగా ఉండే హోటలే తీసుకుందాం. పులిహోర బాధ్యత మాత్రం ఎవరైనా తీసుకోవాలి. అక్కడ శాకాహారులకు దొరికేవి తక్కువ, నాకు చేయడం రాదు.

ఇట్లు,
కాంటన్‌లో ఉండే మీ తోటి ఫడ్జీ